షట్టరు కింద చెయ్యి

నేనొక ఆడమనిషి చెయ్యి విరగ్గొట్టాను. పొరపాటున కాదు. తోపులాటలో ఎలాగో జరిగిపోయిందని చెప్పుకోవడానికీ లేదు. చూసి, తెలిసి, ఒంట్లో బలమంతా పెట్టి విరగ్గొట్టాను. లాక్‌డౌన్ కబుర్లు వచ్చినప్పుడల్లా మా వీధిలో ఆడవాళ్ళు ఎవరు ఏ వంట నేర్చుకున్నారో, ఎవరింట్లో మొగుడు అంట్లు తోమాడో చెప్పుకుని నవ్వుకుంటారు. నేను మాట్లాడకుండా కూర్చుంటాను. నా నోరు ఎరిగినవాళ్ళు కాబట్టి, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్టుకి రెండు వీధుల ఇవతల ఇల్లు. మా ఆయన మార్కెట్లో కలాసీ. నెత్తిన బెల్లం దిమ్మలు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది గానీ మనిషి మెత్తన. ఆయన మెత్తదనం వల్ల నాకు కోపం పెరిగిందో, నా కోపం చూసి ఆయన మెత్తబడ్డాడో తెలీదు. ఇంట్లో కొట్లాడాల్సిన పనులన్నీ మొదటి నుంచీ నావే.

అన్నీ మూసేస్తున్నారని టీవీలో చెప్పేనాటికి మా అమ్మాయికి ఆపరేషన్ అయ్యి తొమ్మిది రోజులు. ఆడపిల్ల పుట్టింది. నెల ముందే పుట్టడం వల్ల అరచేతి మీద పెడితే సరిపోయేటంత ఉంది. అల్లుడు హైదరాబాదులో ఇరుక్కుపోయి, ఫోన్లో బిడ్డని చూసుకుంటూ ఏడ్చేవాడు. అతను ఏడిస్తే అమ్మాయి ఏడ్చేది. ఏడిస్తే పాలు తగ్గుతాయని నేను ఇద్దరి మీదా అరిచేదాన్ని.

మా వైపు బాలింతకి పాత బియ్యమే పెడతాం. ఏడాది దాటినవైతేనే పథ్యానికి పనికొస్తాయి. కొత్త బియ్యం తింటే తల్లికి వాతం చేస్తుందనీ, ఆ పాలు తాగిన బిడ్డకి పొట్ట ఉబ్బుతుందనీ అంటారు. అందరిళ్ళలో అదొక ఆచారం. నాకు మాత్రం అది చావు బతుకుల సంగతి.

అమ్మాయి కంటే ముందు నాకొక మగపిల్లాడు పుట్టాడు. గొలుగొండ దగ్గర మా పుట్టింట్లో పురుడు పోసుకున్నాను. కోతలు అప్పుడే అయ్యాయి, ఇంట్లో పాత గింజ లేదు. మా అమ్మ కొత్త బియ్యమే మెత్తగా వండి పెట్టింది. ఇరవయ్యో రోజున బిడ్డ పొట్ట గట్టిపడింది. తాగిన పాలు తాగినట్టే కక్కేశాడు. ఆసుపత్రికి బండి దొరికేసరికి పోయాడు. మా అత్తగారు వచ్చి గుమ్మంలోనే నిలబడి, "పాత గింజ నేకుండా పురుడెలా పోసేరు? కొత్త బియ్యం ఎట్టి గుంటడ్ని సంపేసేరు" అంది. ఆ మాట మా అమ్మని అంది. నేను దాన్ని పట్టుకుని మా అమ్మతో ఆరేళ్ళు మాట్లాడలేదు.

ఇప్పుడు పురుడు పోస్తున్న తల్లిని నేను. ఇంట్లో ఉన్న పాత బియ్యం పది రోజులకి సరిపోతాయి. పురుటికి ఇంకా నెల ఉంది, తర్వాత కొందాంలే అని ఊరుకున్నది కూడా నేనే.

ఆ రోజుల్లో మా ఊరికి పట్టిన పిచ్చి, కరోనా కంటే ముందే వచ్చింది. మొదటి రోజు జనం ఉప్పు మీద పడ్డారు. ఎందుకని ఎవరినీ అడగలేం, అడిగేలోపు ఉప్పు అయిపోయేది. రెండో రోజు ఉల్లిపాయలు, గోధుమపిండి. మా ఆయన్ని బియ్యానికి పంపితే రెండు డజన్ల అగ్గిపెట్టెలు పట్టుకొచ్చాడు.

"ఏటివి? ఇంట్లో లైటరుంది కదా, ఇయ్యేటి సేసుకుంటావు?" అన్నాను.

"అందరూ కొంతన్నారే. అయిపోతాయేమోనని భయమేసింది" అన్నాడు.

మర్నాటి నుంచి నేనే బయల్దేరాను. పొద్దున్న కాసేపే కొట్లు తీసేవారు. రైతుబజారులో నా కళ్ళ ముందే ఇద్దరు మగాళ్ళు ఒక వంకాయల బుట్ట కోసం కలబడ్డారు. ఒకడు కాటా పళ్ళెం తీసి రెండోవాడి మొహం మీద కొట్టాడు. పన్ను ఊడి వంకాయల్లో పడింది. దెబ్బ తిన్నవాడు రక్తం ఉమ్మి, ఆ బుట్టనే కావలించుకుని కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు రోగం అంటుకుంటుందని దూరంగా జరిగారు తప్ప విడదీయలేదు. నేనూ విడదీయలేదు. పాత బియ్యం ఉన్నాయా అని పక్క కొట్లో అడిగి వచ్చేశాను.

ఎక్కడా లేవు. కొత్త బియ్యం మాత్రం బస్తాలు బస్తాలు ఉన్నాయి. రేషన్ డిపోలో ఇచ్చిన బియ్యం మా ఇంట్లో డబ్బా నిండా ఉంది. ఆకలితో చచ్చే పరిస్థితి మాది కాదని ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చేసిన పనికి ఆకలిని అడ్డం పెట్టుకోకూడదు.

మార్కెట్టు వెనక సందులో ఒక భాయ్ బియ్యం, కిరాణా కొట్టుంది. వాళ్ళ తాతల నాటి వ్యాపారం. మా అత్తగారు కూడా అక్కడే కొనేది. ఆ వారంలోనే ఫోన్లలో వాళ్ళ మనుషుల మీద నానా చెత్తా తిరిగింది. భాయ్ కొట్లో కొనొద్దు, రోగం అంటిస్తారు అని నాతో అన్నవాళ్ళున్నారు. వాళ్ళనే రెండు రోజుల తర్వాత ఆయన షట్టరు దగ్గర చూశాను.

నేను వెళ్ళి సంగతి చెప్తే భాయ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక్క పాతిక కేజీల బస్తా ఉందమ్మా. రెండేళ్ళ బియ్యం. మా ఇంటికని ఉంచుకున్నా. నిన్న ఇంకో ఆమె కూడా వచ్చి ఏడ్చింది, తుమ్మపాల నుంచి. ఆమె కోడలు కూడా బాలింతే. రేపు పొద్దున్నే ఇద్దరూ రండి. చెరి సగం చేసి ఇచ్చేస్తా" అన్నాడు.

నాకు కాళ్ళు మొక్కాలనిపించింది. సగమంటే పన్నెండున్నర కేజీలు. అమ్మాయి ఒక్కత్తికే వండితే ముప్ఫై రోజులు దాటుతుంది. సరిపోతుంది. సరిపోతుందని ఆ రోజు నేనే లెక్క చూసుకున్నాను.

మర్నాడు కొట్టు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. భాయ్ షట్టరు నడుము ఎత్తు వరకు లేపి నన్ను లోపలికి రమ్మన్నాడు. బస్తా తెచ్చి షట్టరు పక్కన నా ముందు పెట్టి, మూతి కుట్టు కోశాడు. బియ్యం లేత పసుపు రంగులో ఉన్నాయి. గుప్పెడు తీసి వాసన చూశాను. పాత బియ్యానికి ఒక వాసన ఉంటుంది, పాత పెట్టె తెరిచినట్టు. నా గుండె కుదుటపడింది.

"ఆమె రానీ అమ్మా, ఇద్దరి ముందూ తూస్తా" అన్నాడు భాయ్.

ఆమె ఆలస్యమయింది. తుమ్మపాల నుంచి నడిచి వస్తుంటే దారిలో పోలీసులు ఆపేశారని తర్వాత తెలిసింది. ఈలోపు సందులో వెళ్తున్న ఎవడో సగం లేచిన షట్టరు చూశాడు. "ఒరే, ఈడు లోపల బియ్యం దాసీసేడ్రా!" అని కేక పెట్టాడు. దాచింది నిజమే, మా కోసం. ఆ మాట సందు చివరి వరకు వెళ్ళేసరికి బియ్యంతో పాటు నూనె, పప్పు, పంచదార కూడా దాచినట్టయింది.

జనం వచ్చిన తీరు నేను మరిచిపోలేను. ముందు కాళ్ళు కనపడ్డాయి, షట్టరు కింద నుంచి, చెప్పులున్నవీ లేనివీ. తర్వాత తలలు వంచుకుని లోపలికి దూరారు. తువ్వాళ్ళు మూతికి కట్టుకున్నారు, కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. తెలిసిన మొహాలే అయినా ఎవరూ ఎవరికీ తెలియనట్టున్నారు. ఒకడు కందిపప్పు బస్తా కత్తితో చీరేశాడు, దోసిళ్ళతో ఎత్తి లుంగీలో పోసుకున్నాడు. నూనె డబ్బా ఒకటి పగిలి నేలంతా జారుడయింది. ఒక ముసలాయన జారి పడితే ఆయన మీద నుంచే నడిచారు. ఆయన "బాబూ, బాబూ" అంటూనే ఉన్నాడు. భాయ్ చేతులు జోడించి, "అందరికీ ఇస్తా, లైన్లో రండి" అంటుంటే, ఒకడు పప్పు కొలిచే ఇనప తవ్వ తీసుకుని ఆయన నుదుటి మీద కొట్టాడు. రక్తం కంట్లోకి కారింది. కొట్టినవాడు ప్రతి శుక్రవారం అక్కడ సరుకులు కొనేవాడే.

నేను బస్తా మీద కూర్చున్నాను. నా దగ్గరికి వచ్చినవాడిని వచ్చినట్టు తన్నాను. ఒకడి చెయ్యి కొరికాను, నోట్లో వాడి చర్మం రుచి తగిలింది. భయం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఏళ్ళ తరబడి ఎవరిని కొట్టాలో తెలియక దాచుకున్న కోపమంతా ఆ పూట బయటికి వచ్చింది. అది నాకు బాగుంది కూడా.

అప్పుడు పోలీసు విజిల్ వినపడింది. లోపలున్నవాళ్ళు దొరికింది పట్టుకుని బయటికి పరిగెత్తారు, బయటివాళ్ళు ఇంకా లోపలికి తోస్తున్నారు. భాయ్ ఒక చేత్తో కన్ను తుడుచుకుంటూ, రెండో చేత్తో షట్టరు కిందికి లాగాడు. అది నేలకి జానెడు ఎత్తులో ఉండగా కింద నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి నా బస్తా మూతి పట్టుకుంది. ఆడమనిషి చెయ్యి, ఆకుపచ్చ గాజులు.

"భాయ్, నానొచ్చేను! నా సగం నాకియ్యండి. బాలింతకి, నా కోడలికి!" అని అరిచింది.

స్పష్టంగా విన్నాను. ఎవరో, ఎందుకో నాకు తెలుసు. ఆ సగం ఆమెదే. కానీ ఆమె వెనక జనం షట్టరు పైకి ఎత్తుతున్నారు. అది లేస్తే నా సగం కూడా పోతుంది. చెయ్యి వదిలించి షట్టరు వేసేయొచ్చు, లేదా ఆమెని లోపలికి లాగొచ్చు. ఆ రెండూ నాకు తట్టలేదని చెప్పను. తట్టాయి. నేను లేచి షట్టరు అంచు మీద రెండు చేతులూ వేసి, కాలు ఎత్తి, ఒళ్ళంతా దాని మీద వదిలేశాను.

చెరుకు గెడ విరిచిన చప్పుడు వచ్చింది. గాజులు చిట్లాయి. ఆ వేళ్ళు వెంటనే వదల్లేదు. నేను మరోసారి నొక్కాక వదిలాయి.

బయట లాఠీలు మొదలయ్యాయి. వీపుల మీద పడుతున్న దెబ్బలు, "కొట్టకండి బాబూ, చెయ్యి ఇరిగిపోనాది" అని ఆమె గొంతు, మీద ఇంకో దెబ్బ. భాయ్ నన్ను పక్కకి తోసేశాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ముట్టుకోవడం అదొక్కసారే. "ఏం పనమ్మా ఇది? ఏం పనిది?" అంటూ షట్టరు లేపాడు. టైము కాకుండా కొట్టు తీశావని ఆయన భుజం మీద కూడా లాఠీ పడింది. ఆయన ఆగలేదు. వంగి ఆమెని ఎత్తుతున్నాడు.

నేను బస్తా మూతి మెలిపెట్టి, నెత్తికెత్తుకుని, వెనక గుమ్మంలోంచి వచ్చేశాను. పాతిక కేజీలూ.

ఇంటికొచ్చి స్నానం చేసి వంట చేశాను. మెత్తటి అన్నం, మిరియాల చారు, వెల్లుల్లి కారం. అమ్మాయి తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. బస్తా అంతా ఎలా దొరికిందని మా ఆయన అడిగితే, కళ్ళెర్రజేశాను. ఆయన ఇంక అడగలేదు.

మూడో రోజు అమ్మాయి అన్నం తింటూ "అమ్మా" అని మూలిగింది. నోట్లోంచి రక్తం కారుతోంది. వేలు పెట్టి తీస్తే ఆకుపచ్చ గాజు పెంకు. బియ్యం ఏరుతూ నేను చూసుకోలేదు.

"ఎవరి గాజిది?" అంది.

ఏదో చెప్పబోయాను. అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది గానీ, బాలింత నోటి నిండా రక్తం చూసేసరికి ఆగిపోయింది. అంతా చెప్పేశాను. మా ఆయన గోడకి చేరబడి కూర్చుండిపోయాడు. అమ్మాయి కంచం పక్కకి తోసేసింది.

"నాకు డిపో బియ్యం వండు" అంది.

"పిచ్చి పట్టిందేటే? పిల్లకేటైనా అయితే?"

"అయితే నేను చూసుకుంటా. ఆ బియ్యం నేను తినను."

ఒళ్ళు తెలియని కోపంతో కంచం ఎత్తి గోడకేసి కొట్టాను. ఎవరి కోసం చేశానే ఇదంతా అని అరిచాను. బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టింది. అమ్మాయి కుట్లు పట్టుకుని లేచి, తనే వెళ్ళి డిపో బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టుకుంది. నేను చెయ్యి పట్టుకుని లాగబోతే మా ఆయన అడ్డం వచ్చాడు. పాతికేళ్ళు పైబడిన కాపురంలో మొదటిసారి నా చెంప మీద కొట్టాడు. కొట్టి, ఆయనే ఏడ్చాడు.

ఆ రోజు నుంచి బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసి చూడడమే నా పని. గంట గంటకీ చూశాను. డిపో అన్నం మొదలై పదో రోజు, ఇరవయ్యో రోజు, ఇరవై ఒకటో రోజు. పొట్ట మెత్తగానే ఉంది. బిడ్డ తాగింది, పడుకుంది, ఒళ్ళు చేసింది. నెల తిరిగేసరికి తొడల మీద మడతలు వచ్చాయి. నేను సంతోషించాలి. పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ తొట్టి పట్టుకుని, మా అమ్మని తలుచుకుని వాంతి వచ్చేలా ఏడ్చాను. ఆమె మీద మోపిన నేరం ఆమెది కాదు, నాదీ కాదు. తప్పు బియ్యానిదీ కాదు. మరి దేని కోసం నేను ఆ షట్టరు తొక్కాను?

ఆంక్షలు సడలించాక భాయ్ దగ్గరికి వెళ్ళాను. నుదుటి మీద మచ్చ పడింది. నన్ను చూసి సరుకులేం కావాలని అడగలేదు. ఆమె ఇల్లు ఎక్కడని అడిగితే, తుమ్మపాలలో చక్కెర ఫ్యాక్టరీ దాటాక ఏ సందో చెప్పి, లోపలికి వెళ్ళిపోయాడు.

మిగిలిన బియ్యమంతా మూట కట్టుకుని వెళ్ళాను. ఇరవై కేజీలకి పైనే ఉన్నాయి. రెండు గదుల రేకుల ఇల్లు, తలుపు బార్లా తీసి ఉంది. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. నా కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. కుడి చెయ్యి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ముంజేయి దగ్గర వంకరగా అతికింది, వేళ్ళు సగమే మూసుకుంటున్నాయి. పెరట్లో కోడలు బిడ్డకి నీళ్ళు పోస్తోంది. బొద్దుగా ఉన్నాడు, కాళ్ళతో తన్నుతున్నాడు.

ఆమె నన్ను చూసిన వెంటనే గుర్తుపట్టలేదు. షట్టరు అవతల నా కాళ్ళు తప్ప ఆమెకేం కనపడలేదు కదా.

"వదినా" అన్నాను. "ఆ రోజు భాయ్ కొట్లో, లోపలున్నది నానే. నీ బియ్యం తెచ్చేను."

ఆమె మూట వైపు చూసింది.

"వదినా అనకు" అంది. "ఆ బియ్యం ఇప్పుడెందుకు? నా కోడలు కోటా బియ్యమే తిన్నాది. గుంటడికేటీ కానేదు. కోడలికి ఆపరేషనయ్యింది, వంగనేదు. కాళ్ళ మీద ఏసుకుని నీళ్ళు పోసీదాన్ని నానే. ఈ సేత్తో పోయినేకపోయేను. పక్కింటోళ్ళ కాళ్ళు పట్టుకున్నాం. రోగం భయానికి ఆళ్ళూ రానేదు. ఆ పిల్లే వంగి పోసుకున్నాది, కుట్లు పిగిలిపోయి మళ్ళీ ఆసుపత్రిలో పడ్డాది."

మూట దించి అరుగు మీద పెట్టాను.

"రోజూ నాను వత్తాను" అన్నాను. "పొద్దున్నే వచ్చి బిడ్డకి నీళ్ళు పోసి, వంట సేసి ఎల్తాను. నువ్వు ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు."

ఆమె తల ఎత్తి నా మొహంలోకి సూటిగా చూసింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని ఉన్న మొహం.

"ఒక్క మాట సెప్పు. ఆ గలాబాలో నాను బాలింతకని అరిసేను. నీకు ఇనబడనేదు కదా?"

తన అరుపు జనం గోలలో కలిసిపోయిందని, ఒక మనిషి విని కూడా అలా చెయ్యదని ఇన్ని రోజులూ అనుకుని ఉంటుంది. ఆ నమ్మకంతోనే నన్ను అరుగు దగ్గర నిలబడనిచ్చింది. వినబడలేదంటే చాలు, రేపటి నుంచి రమ్మనేదేమో.

"ఇనబడింది" అన్నాను.

ఆమె పెరటి వైపు తిరిగి, "ఒలే, గుంటడ్ని తీసుకుని లోపలికి రా" అని కోడలిని పిలిచింది. మంచి చేత్తో గోడ పట్టుకుని లేచింది, వాళ్ళ వెనకే తనూ లోపలికి వెళ్ళింది. లోపల నుంచి గడియ వేశారు.